పేరు దాచండి, లెక్క చెప్పండి

మా వాడలో ఒకామెకు టీబీ అని తేలింది. దవాఖానకు పోయి మందులు తెచ్చుకున్నది. వారం తిరగకముందే ఊరంతా తెలిసిపోయింది. అల్లం చేనుకు కూలికి రావద్దన్నరు. కిరాణా కొట్టాయన పైసలు చేతికివ్వద్దు, బండ మీద పెట్టమన్నడు. ఎట్ల తెలిసింది? ఆశా కార్యకర్త నోట్‌బుక్కు పంచాయతి ఆఫీసు బల్ల మీద ఉండె. ఎవరో తెరిచి చదివిండ్రు. అంతే.

టీబీ ముట్టుకుంటే రాదు, గాలి ద్వారా వస్తుంది. సరైన మందులు పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. కానీ మనల్ని దూరం పెట్టడానికి ఈ ఊళ్లకు సాకు కావాలి. నిన్న కులం పేరుతో వేరు గ్లాసు, ఇవ్వాళ రోగం పేరుతో వేరు గ్లాసు. పెద్దింట్లో షుగరొస్తే ‘ఆరోగ్యం బాగలేదు’ అంటరు. మన ఇంట్లో దగ్గొస్తే వాడంతా రోగమే అంటరు.

తప్పు ఆశాదేనా? 2005లో ఆశా పథకం వచ్చింది. ఆ పని చేసేది మనలాంటి ఇంటి ఆడబిడ్డే. ఆమెకు ఉన్నది ఒకే అర్ర. రిజిస్టర్లు గూట్లో, పిల్లల పుస్తకాల పక్కన. రాయకుండా కుదరదు. టీబీ పేషెంటుకు పోషకాహారానికి 2018 నుంచి నెలకు 500, 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలు ఇస్తున్నారు. దానికి బ్యాంకు పుస్తకం, ఆధార్ అన్నీ కావాలె. మేం చూసినంతలో, రాయించడం మీద పెట్టిన శ్రద్ధ దాయించడం మీద పెట్టలేదు.

మేం బడిలో పనిచేసేవాళ్లం. రిజిస్టరు ఏం చేస్తదో మాకు తెలుసు. మేం చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్ లిస్టు చేతిలో పట్టుకొని ‘ఎస్సీ పిల్లలు లేవండి’ అనేవాళ్లు. లిస్టు తప్పు కాదు. అందరి ముందు చదవడం తప్పు. ఆ లేచి నిలబడ్డది మేం ఇంకా మరవలేదు.

చట్టం లేదా అంటే ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. హెచ్ఐవి చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఆ రోగి వివరాలు రాసి పెట్టుకునే ప్రతి సంస్థా వాటిని కాపాడాలని చెప్తుంది. చట్టం ఢిల్లీలో ఉన్నది, నోట్‌బుక్కు పంచాయతి బల్ల మీద ఉన్నది!

‘ఊర్లె దాగేదేముంది సార్’ అంటరు కొందరు. నోటి మాట వేరు, కాగితం మీది మాట వేరు. నోటి మాటను కాదనొచ్చు, సర్కారు రిజిస్టర్ని కాదనలేం. ‘వీళ్లకు ఇవన్నీ నేర్పితే వస్తయా’ అంటరు ఇంకొందరు. మన జహీరాబాద్ పక్కన మాచునూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది మన దళిత ఆడోళ్లే. మైకు, మిషను నేర్చినోళ్లకు తాళం వేయడం రాదా?

కాబట్టి ట్రైనింగ్‌లో ఇవి నేర్పాలె: వెంట తిప్పే బుక్కులో పేరు బదులు నంబరు రాయడం. పేర్ల పట్టీ వేరుగా, తాళమున్న పెట్టెలో ఉంచడం. రోగి ముందు తప్ప ఇంకెవరి ముందూ, అత్త ముందు కూడా, రోగం మాట ఎత్తకపోవడం. రిజిస్టరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో వేయకపోవడం. సర్పంచి అడిగినా, పటేలు అడిగినా ‘చూపించ’ అని చెప్పడం. అట్ల చెప్పిన ఆశా వెనక పైఅధికారి నిలబడాలె. పెట్టె, తాళం సర్కారే ఇయ్యాలె.

ఇంకో మాట. గోప్యత పేరు చెప్పి లెక్కలు దాస్తే ఊరుకోం. వాడలో ఎందరికి టీబీ, ఎందరు గర్భిణులకు రక్తం తక్కువ, ఎందరికి మందులు అందలేదు - ఈ లెక్క గ్రామసభలో చెప్పాలె. చిన్న వాడలో లెక్క చెప్తేనే మనిషి తెలిసిపోతుందంటే మండలం లెక్కలో కలిపి చెప్పాలె. లెక్క మన పోరాటానికి కావాలె. పేరు మాత్రం ఆ మనిషిది, ఆ మనిషిదే.

అక్కలారా, అన్నలారా! వచ్చే గ్రామసభలో లేచి అడగండి: ‘మా రోగాల పుస్తకం ఎక్కడున్నది? తాళం ఎవరి దగ్గరున్నది?’