వ్యూ బాగుంది, ఊరేది?

తెలుగులో ఈమధ్య ట్రావెలాగ్‌లు బాగా వస్తున్నాయి. సంతోషమే. కానీ అందులో ఒక రకం రాతతో నాకు పేచీ ఉంది. రచయిత యూరప్‌లో ఏదో పల్లెకి వెళ్తారు. ఒక సరస్సు, ఒడ్డున చెక్క బెంచీ, సైకిల్ తొక్కుతున్న ఎనభయ్యేళ్ళ ముసలమ్మ, అద్దంలాంటి నీళ్ళు. రెండు పేరాలు అయ్యాక మన మీదకి వస్తారు. మనకి శుభ్రత లేదు, క్యూ తెలీదు, బిర్యానీ కవర్లు నీళ్ళలోనే పడేస్తాం. నిజమే, పడేస్తాం. కానీ ఆ నీళ్ళు అక్కడికి ఎలా వచ్చాయో, అవి రాకముందు అక్కడేముండేదో ఒక్క వాక్యమైనా ఉండదు. హోటల్ రివ్యూకి అది సరిపోతుంది. సాహిత్య పత్రికలో అచ్చేసుకునే రాతకి సరిపోతుందా?

ఈ తప్పు నేనూ చేశాను. డ్రెస్డెన్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేశా. ఎండాకాలం శనివారం వస్తే చాలు, టీమంతా ట్రైనెక్కి జెన్ఫ్టెన్‌బెర్గ్ సరస్సుకి పోయేవాళ్ళం. ఈత, సైకిళ్ళు, సాయంత్రం బీరు. ఫోటోలకి నేను పెట్టిన క్యాప్షన్లు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మూడోసారో నాలుగోసారో ఆ పక్క ఊరి కొలీగ్ మామూలుగా అన్నాడు, ఇది సరస్సు కాదు, బొగ్గు గని అని. లౌజిట్స్ ప్రాంతమంతా అంతేనట. లిగ్నైట్ తవ్వేసిన గోతుల్ని నీళ్ళతో నింపారు. మేం ఈదిన దాన్ని 1973లో జనానికి తెరిచారు. ఆ ప్రాంతంలో బొగ్గు కోసం మొత్తంగానో కొంతగానో చెరిగిపోయిన ఊళ్ళు 130కి పైనే. వాటిలో చాలా వరకు సోర్బులవి. జర్మనీ మధ్యలో ఒక స్లావిక్ భాష మాట్లాడుకునే చిన్న సమూహం వాళ్ళు.

హోర్నో అనే ఊరివాళ్ళయితే యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 2000లో ఓడిపోయారు. ఊరిని ఫోర్స్ట్ పట్టణం పక్కకి తరలించారు. కొత్త ఊళ్ళో 2006లో ఒక చిన్న మ్యూజియం పెట్టారు, 'మాయమైన ఊళ్ళ ఆర్కైవ్' అని. అక్కడ నేలమీద పరిచిన తివాచీయే మ్యాప్. పోయిన ఊళ్ళ మధ్య నడుచుకుంటూ పోవచ్చు.

జర్మన్లు గొప్పోళ్ళని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఊళ్ళు తీసేసింది కూడా వాళ్ళే. తీసేశాం అని ఒప్పుకుని, పేర్లు రాసి పెట్టారు. అంతే. మన ట్రావెలాగ్ రచయితలు జర్మనీ నుంచి మోసుకొచ్చింది మాత్రం చెక్క బెంచీ.

మాది పల్నాడులో మాచవరం. మండలానికి ఉత్తరాన కృష్ణ. ఇప్పుడక్కడున్నది నది కాదు, పులిచింతల బ్యాక్‌వాటర్. 2013 డిసెంబర్లో ప్రాజెక్టు ప్రారంభించారు, 45.77 టీఎంసీలు. దాని కింద పులిచింతల ఊరే లేదు. కొల్లూరు లేదు, బోదనం లేదు. అవతలి ఒడ్డున నెమలిపురి, అడ్లూరు లేవు. ఉన్నవి డ్రోన్ షాట్లు, 'మన మినీ మాల్దీవ్స్' అనే రీళ్ళు.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ ఫ్రెండ్స్‌ని తీసుకెళ్ళా. దారి చూపించడానికి మా మామయ్య కూడా వచ్చాడు. అమ్మమ్మ వాళ్ళది బోదనం. మావాళ్ళు సెల్ఫీల్లో ఉంటే ఆయన నీళ్ళకేసి చెయ్యి చాపి, "అబ్బాయ్, ఆ పుట్టి ఉందే, దాని కింద మన రాములోరి గుడి. దానికి ఎడంపక్క మీ అమ్మమ్మ పొయ్యి" అన్నాడు. గుడి తర్వాత పొయ్యి! మా ఫ్రెండ్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "అంకుల్, వ్యూ మాత్రం సూపర్" అంది. ఆ పిల్లని ఏమంటాం? ఒడ్డున ఎక్కడా ఒక బోర్డు నాకు కనపడలేదు. తెలియకపోవడం ఆమె తప్పు కాదు.

కొల్లూరు పేరు కొంతమందికైనా తెలుసు. ఎందుకంటే కోహినూర్ అక్కడిదంటారు, పదిహేడో శతాబ్దంలో టావెర్నియే వచ్చి ఆ గనులు చూసి రాశాడు. అంటే మన దగ్గర ఊరు గుర్తుండాలంటే వజ్రం దొరకాలి. లేదంటే బుద్ధుడు దొరకాలి. నాగార్జునసాగర్ సంగతి చూడండి. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన. లోయ మునుగుతుందని అంతకు ముందు ఏడాదే తవ్వకాలు మొదలుపెట్టి, 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల కాలపు స్తూపాలనీ విహారాలనీ కొండ మీద, అనుపులో తిరిగి కట్టారు. చాలా గొప్ప పని. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌కి లాంచీలో వెళ్ళి నోరెళ్ళబెట్టి చూశాను. కానీ అదే లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరుండేది. చెంచులుండేవాళ్ళు, లంబాడీలుండేవాళ్ళు. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఇటుకలు కొండెక్కాయి. పుల్లారెడ్డిగూడెం ఇంటి గడప ఒక్కటైనా ఎక్కిందా? మ్యూజియంలో ఆ ప్రశ్న నాకు ఏ టీచరూ వెయ్యలేదు, నేనూ అడగలేదు.

'ఐతే ప్రాజెక్టులు వద్దంటావా?' అని కామెంట్ వస్తుందని తెలుసు. సాగర్ కుడికాలువ లేకపోతే పల్నాటి మెట్టలో మిరప ఎక్కడిది? ఆ మిరప డబ్బుతోనే నేను ఇంజినీరింగ్ చదివా. పులిచింతల నీళ్ళు కృష్ణా డెల్టాకి. మునిగింది మా వైపు, తడిసింది వాళ్ళ వైపు. వాళ్ళ అన్నం నేనూ తింటున్నా. డ్యామ్ కట్టడం మీద కాదు నా గొడవ. కట్టాక, దాని ఒడ్డున దుప్పటి పరుచుకుని కూర్చున్నాక, మనం రాసుకునే రాతల మీద. ప్రభుత్వం బోర్డు పెట్టకపోతే పెట్టకపోయింది, రచయితకేమైంది? కొల్లేటి ఊళ్ళకి ఏమైందో అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' రాసి చూపించారు కదా. బోటు టికెట్ కొనుక్కుని వెళ్ళినవాళ్ళకి ఆ జాడలు ఎందుకు కనపడవు?

పాపికొండల ట్రిప్పులకి వెళ్తున్నవాళ్ళు ముఖ్యంగా ఆలోచించాలి. అక్కడ ఇదంతా ఇంకా పాత కథ కాలేదు. పోలవరం కోసం దేవీపట్నం వైపు ఊళ్ళు మన కళ్ళముందే ఖాళీ అయ్యాయి. బోటులో పాటలు పెడతారు, భోజనం పెడతారు. ఒడ్డున పైకప్పు తీసేసిన ఇళ్ళు కనిపిస్తే, అది ఏ ఊరని బోటువాళ్ళని అడగండి. వాళ్ళకి తెలుసు. ఆ పేరు మీ ట్రావెలాగ్‌లో రాయండి, సూర్యాస్తమయానికి ఇచ్చిన చోటులో పదో వంతు ఇచ్చినా చాలు.

నా వంతుగా ఒక మ్యాప్ యాప్‌లో బోదనం పాత చోటు గుర్తు పెట్టబోయాను. నీళ్ళ మీద ఊరు పెట్టడం కుదరదని తిప్పికొట్టింది. ఇక లాభం లేదని ఒక నోట్‌బుక్ కొని మామయ్య ముందు పెట్టా. రెండు పేజీల నిండా వీధులు గీశాం. అత్తయ్య వచ్చి చూసి, మంచినీళ్ళ బావి గుడికి వెనకుండేది గానీ ముందు కాదంది. "నీళ్ళు మోసింది నేను, మీకేం తెలుసు?" అని మామయ్య చేతిలోంచి పెన్ను లాక్కుంది. ఇప్పుడు పెన్ను ఆమె దగ్గరుంది.