చట్టం 2001లో, తలుపు 2022లో

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడింది. వారం తిరగకముందే పోలండ్ సరిహద్దులోని షెహీని చెక్‌పోస్టు దగ్గర రెండు క్యూలు తయారయ్యాయి. ఒక దాంట్లో ఉక్రెయిన్ జనం. రెండో దాంట్లో నైజీరియా, ఘనా, మొరాకో, ఇండియా నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. మొదటి క్యూ కదిలినంత త్వరగా రెండోది కదల్లేదు. ఎముకలు కొరికే చలిలో పదుల కిలోమీటర్లు నడిచి వచ్చిన వాళ్ళని ఉక్రెయిన్ గార్డులు వెనక్కి నెట్టారు, కొందరిని కొట్టారు. ఫిబ్రవరి 28నే ఆఫ్రికన్ యూనియన్ దీన్ని జాత్యహంకారం అని బహిరంగంగా ఖండించింది.

ఆ రెండో క్యూలో మన తెలుగు రాష్ట్రాల మెడిసిన్ విద్యార్థులూ ఉన్నారు. మన టీవీలు ఆ రోజుల్లో 'ఆపరేషన్ గంగ' విమానాలే చూపించాయి. సుమారు 22,500 మంది ఇండియన్లు ఇల్లు చేరారు, మంచిదే. 'నువ్వు పక్కకి జరుగు' అనే మాటని ఆ క్యూలో జీవితంలో మొదటిసారి విన్నవాళ్ళు కొందరు ఉండి ఉంటారు. ఊళ్ళో చిన్నప్పటి నుంచీ వింటున్న వాళ్ళూ ఉండి ఉంటారు. ఆ తేడా గురించి ఏ చానెల్లోనూ చర్చ పెట్టలేదు.

సరిహద్దు దాటాక ఏం జరిగిందో చూద్దాం. మార్చి 4న యూరోపియన్ యూనియన్ ఏకగ్రీవంగా 'తాత్కాలిక రక్షణ' చట్టాన్ని అమల్లో పెట్టింది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన వాళ్ళు ఆశ్రయం కోసం ఏళ్ళ తరబడి దరఖాస్తు పట్టుకుని తిరగక్కర్లేదు. వెంటనే ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పిల్లల్ని బడిలో వేయొచ్చు, ఆసుపత్రికి వెళ్ళొచ్చు. 40 లక్షల మందికి పైగా దీని కింద నిలదొక్కుకున్నారు. ఇది యూరప్ చేసిన మంచి పని. ఆ మంచి పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ ఈ చట్టం 2022లో పుట్టింది కాదు. యుగోస్లావియా యుద్ధాల అనుభవంతో 2001లోనే రాసిపెట్టారు. అంటే 2015లో సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రం మీదుగా వచ్చినప్పుడు కూడా అది పుస్తకంలో ఉంది. సెప్టెంబర్ 2న మూడేళ్ళ లోపు పసివాడు అలన్ కుర్దీ శవం టర్కీ ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడూ ఉంది. ఎవరూ తెరవలేదు. దాని బదులు గ్రీస్, ఇటలీల నుంచి 1,60,000 మందిని దేశాలు పంచుకోవాలని ఒక పథకం వేశారు. చివరికి పంచుకున్నది సుమారు 35,000 మందిని. హంగరీ వాటా 1,294 మంది. తీసుకున్నది సున్నా. 2016 మార్చిలో టర్కీకి 600 కోట్ల యూరోల ఒప్పందం రాసిచ్చి, వచ్చే వాళ్ళని అక్కడే ఆపించారు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం పట్టుకుని స్టేషన్ మెట్లెక్కిన వాళ్ళకి ఈ కథ కొత్తది కాదు. సెక్షన్ పుస్తకంలో ఉంటుంది, రాసే చెయ్యి మాత్రం లేవదు.

పోలండ్ ఒక్క దేశాన్ని చూసినా విషయం అర్థమవుతుంది. 2021లో బెలారస్ నియంత లుకషెంకో యూరప్‌ని ఇబ్బంది పెట్టడానికి ఇరాక్, సిరియా వంటి చోట్ల నుంచి మనుషుల్ని రప్పించి పోలండ్ సరిహద్దు వైపు తోలాడు. అది దుర్మార్గమే. పోలండ్ ప్రభుత్వం దానికి పెట్టిన పేరు 'హైబ్రిడ్ యుద్ధం'. ఆ పేరు పెట్టగానే బియావొవీజా అడవిలో తడిసి వణుకుతున్న కుర్దు తల్లి మనిషి కాకుండా పోయింది, శత్రువు విసిరిన ఆయుధం అయిపోయింది. అక్కడ ఎమర్జెన్సీ పెట్టి విలేకరుల్ని, సహాయ సంస్థల్ని రానివ్వలేదు. దొరికిన వాళ్ళని వెనక్కి నెట్టడాన్ని చట్టబద్ధం చేశారు. అడవిలో మనుషులు చచ్చిపోయారు. 186 కిలోమీటర్ల పొడవున, ఐదున్నర మీటర్ల ఎత్తున ఉక్కు గోడ కట్టారు. ఆ గోడ పని 2022 జనవరిలో మొదలై జూన్‌లో పూర్తయింది. సరిగ్గా ఆ నెలల్లోనే, సుమారు 300 కిలోమీటర్లు దక్షిణాన, అదే ప్రభుత్వం లక్షలాది ఉక్రెయిన్ తల్లుల్ని, పిల్లల్ని లోపలికి తీసుకుంది. దక్షిణాన సూప్ పోసిన వాలంటీర్‌కి చప్పట్లు కొట్టారు. ఉత్తరాన 2022 మార్చిలో అడవిలో ఒక కుర్దు కుటుంబానికి సాయం చేసిన ఐదుగురి మీద క్రిమినల్ కేసు నడిచింది. వాళ్ళు నిర్దోషులని కోర్టు తేల్చింది 2025 సెప్టెంబర్‌లో.

అది మితవాద ప్రభుత్వం కాబట్టి అలా చేసిందనుకుంటే పొరపాటు. 2023 ఎన్నికల్లో ఆ పార్టీ అధికారం పోగొట్టుకుంది. ఉదారవాదిగా యూరప్ అంతా మెచ్చుకున్న డొనాల్డ్ టస్క్ ప్రధాని అయ్యాడు. గోడ అలాగే ఉంది. పైగా 2025 మార్చిలో బెలారస్ సరిహద్దులో ఆశ్రయం అడిగే హక్కునే తాత్కాలికంగా ఆపేస్తూ ఆయన ప్రభుత్వం చట్టం తెచ్చింది.

యూరప్ పార్టీల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. తీవ్ర మితవాదులు గద్దె ఎక్కనక్కర్లేదు, ఎక్కుతారన్న భయం చాలు. జర్మనీలో ఏఎఫ్‌డీ 2013లో పుట్టినప్పుడు దాని గొడవంతా యూరో కరెన్సీ మీదే. 2015 తర్వాత శరణార్థుల మీదకి మళ్ళి 2017లో 12.6 శాతం, 2025లో 20.8 శాతం ఓట్లతో రెండో స్థానానికి వచ్చింది. అంతకు నెల ముందు, జనవరి 29న, మెర్కెల్ పార్టీకే చెందిన మెర్జ్ వలసల మీద పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో నెగ్గింది. మెర్కెల్ దాన్ని బయటికి వచ్చి తప్పుపట్టింది.

డెన్మార్క్ సోషల్ డెమొక్రాట్ల సంగతి ఇంకా విడ్డూరం. కార్మికుల పార్టీ అది. 2016లో మితవాద ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది: శరణార్థి దగ్గర 10,000 క్రోనర్లకు మించి డబ్బు, విలువైన వస్తువులు ఉంటే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. దానికి వీళ్ళూ ఓటేశారు. 2019లో అధికారంలోకి వచ్చాక డమాస్కస్ ఇప్పుడు క్షేమమే అంటూ సిరియన్ల అనుమతులు రద్దు చేయడం మొదలుపెట్టారు. 2022లో ఉక్రెయిన్ వాళ్ళ కోసం ప్రత్యేక చట్టం చేసినప్పుడు మాత్రం ఈ జప్తు నిబంధన వాళ్ళకి వర్తించకుండా చూశారు. సిరియా తల్లి మెడలోది సర్కారు ఆస్తి, ఉక్రెయిన్ తల్లి మెడలోది ఆమె సొంత నగ.

ఇలా అడిగితే జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఉక్రెయిన్ పొరుగు దేశం, అక్కడి వాళ్ళది మా సంస్కృతి, మా మతం, అందుకే దగ్గరితనం అంటారు. బల్గేరియా ప్రధాని పెట్కోవ్ అప్పట్లో ఇంకాస్త విప్పి చెప్పాడు: వీళ్ళు మనకి అలవాటైన శరణార్థులు కారు, యూరోపియన్లు, చదువుకున్నవాళ్ళు, తెలివైనవాళ్ళు అని. సరే, ఆ వాదన నిజమైతే రోమా జనానికి ఏం జరిగి ఉండాలి?

రోమా అంటే యూరప్‌లో సుమారు కోటి మంది ఉన్న సమూహం. వాళ్ళ భాష మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయి, వెయ్యేళ్ళ కిందట అటు వెళ్ళారు. వాళ్ళు మన ఫలానా కులం వారసులేనని కొందరు రాస్తుంటారు. నాకు ఆ రక్తసంబంధం అవసరం లేదు, వాళ్ళ బతుకు చాలు. నేటి రొమేనియా ప్రాంతంలో 1850ల దాకా బానిసలు. నాజీలు వాళ్ళని లక్షల్లో చంపితే, అది జాతి నిర్మూలనేనని పశ్చిమ జర్మనీ ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది. చెక్ దేశంలో ఆస్త్రావా పట్టణపు రోమా పిల్లల్ని మందబుద్ధుల బడుల్లో వేస్తున్నారని యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో తప్పుపట్టింది.

ఉక్రెయిన్‌లోనూ రోమా జనం ఉన్నారు. వాళ్ళూ ఆ దేశస్తులే, ఎక్కువమంది క్రైస్తవులే, వాళ్ళ మీద పడ్డవీ అవే బాంబులు. పొరుగు, మతం, యుద్ధం అన్నీ సరిపోయాయి. 2022 వేసవికి ముందు ప్రాగ్, బర్నో రైల్వే స్టేషన్లలో నేల మీద పడుకున్న తల్లీబిడ్డలు వీళ్ళే. వీళ్ళకి హంగరీ పౌరసత్వం కూడా ఉంది, నిజమైన శరణార్థులు కారు అని అధికారులు అన్నారు. అలాంటి పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు కొందరు ఉన్నారు. కానీ తెల్ల ఉక్రెయిన్ కుటుంబాన్ని ఆ ప్రశ్న అడిగింది తక్కువ, రోమా ముఖం కనిపిస్తే అడగకుండా వదిలింది తక్కువ. అసలు ఏ కాగితమూ లేని రోమాలు ఇంకెందరో. పుట్టినప్పుడే వాళ్ళ పేరు రాసుకోని ప్రభుత్వాలు, పారిపోయి వచ్చినప్పుడు కాగితం చూపించమన్నాయి.

అందుకే మన సంఘాలు జెనీవాకో బ్రస్సెల్స్‌కో వినతిపత్రం పట్టుకెళ్ళినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వెళ్ళొద్దనను. 2013 అక్టోబర్ 10న యూరోపియన్ పార్లమెంట్ కుల వివక్ష మీద తీర్మానం చేసింది, దాని వెనక మన వాళ్ళ ఏళ్ళ శ్రమ ఉంది. కానీ పార్లమెంట్ తీర్మానం ప్రభుత్వాల చేతులు కట్టేయదు. 2023 జులై 13న అదే పార్లమెంట్ మణిపూర్ హింస మీద తీర్మానం ఆమోదించింది. అదే రోజు ప్రధాని మోదీ ఫ్రాన్స్ జాతీయ దినోత్సవ అతిథిగా పారిస్‌లో దిగారు. అదే రోజు ఢిల్లీలో 26 రఫేల్ మెరైన్ యుద్ధ విమానాలు కొనే ప్రతిపాదనకి రక్షణ శాఖ ఆమోదం తెలిపింది.