కొయ్యబారిన కొత్త లాప్‌టాప్



గత సంచికలో ఇంటి ఎర్తింగు గురించి ముచ్చటించుకున్నాము. అందుకు స్పందనగా వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఎర్తింగుతో ఏ సంబంధమూ లేదు. కొత్తగా కొన్న లాప్‌టాప్ పని మధ్యలో ఉన్నట్టుండి కొయ్యబారిపోతున్నదనీ, ఏమి చేయాలో తెలుపవలసినదనీ ఆ మూడింటి సారాంశం. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మాకు ఉన్నదో లేదో చివరకు పాఠకులే నిర్ణయింతురు గాక. ఎందుకంటే, ఇదే జబ్బు గత సంవత్సరం మా ఇంటికే వచ్చింది. అప్పుడు మేము చేసిన వైద్యం గొప్పగా చెప్పుకోదగినది కాదు.

మా అమ్మాయి ఆర్కిటెక్చరు చివరి సంవత్సరం చదువుతూ, థీసిస్ పని కోసం ఇంటికి వచ్చింది. పాత లాప్‌టాప్ ఆ పెద్ద పెద్ద డ్రాయింగుల బరువు మోయలేకపోవడంతో జూన్ మాసంలో డెబ్బై ఎనిమిది వేలు పెట్టి కొత్తది కొన్నాము. పసుపు కుంకుమ పెట్టి మా శ్రీమతి హారతి కూడా ఇచ్చింది. మూడవ రోజు మధ్యాహ్నం లోపలి గదిలో నుంచి "నాన్నగారూ, ఒకసారి రండి, ఇది కదలడం లేదు" అని పిలుపు వచ్చింది.

మేము వార్తాపత్రిక చదువుతున్నాము. చేతిలోని పత్రిక దించకుండానే, "అన్నీ ఒకేసారి తెరిచి కూర్చుంటే కదలక ఏం చేస్తుందమ్మా, సగం మూసెయ్యి" అన్నాము. మర్నాడు మళ్ళీ పిలిచింది. "ఆటలేమైనా ఎక్కించావా?" అన్నాము. ఆ పై రోజు "ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీద పెడితే గాలి ఎట్లా ఆడుతుంది?" అన్నాము. ఈ మాటలన్నింటిలోనూ సాంకేతికంగా కొంత నిజం లేకపోలేదు. కాని ఒక్కసారైనా లేచి వెళ్ళి ఆ యంత్రాన్ని చూసిన పాపాన పోలేదు. దుకాణం వారు మార్పిడికి ఇచ్చిన ఏడు రోజుల గడువు ఆ విధంగా మా కుర్చీలోనే గడిచిపోయింది.

లేచి వెళ్ళి ఉంటే మొదట చూడవలసినది ఏమిటో ఇక్కడ చెప్పుకోవడం మంచిది. కొత్త యంత్రం మొదటి రెండు మూడు రోజులు నత్తనడక నడవడం రోగం కాదు. నెలల తరబడి పేరుకున్న అప్‌డేట్లను దింపుకోవడం, ఫైళ్ళకు సూచిక తయారు చేసుకోవడం, వైరసు తనిఖీ జరపడం వంటి ఇంటి పనులు దానికి చాలా ఉంటాయి. మందగించడం వేరు, ఆగిపోవడం వేరు. ఆగిపోయినదని అనిపించినప్పుడు క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడాలి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతూ ఉంటే లోపల ప్రాణం ఉన్నట్టే, తెర మీది ప్రోగ్రామే మొండికేసిందన్న మాట. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, ఆ మొండి ప్రోగ్రామును అక్కడి నుంచి ముగించవచ్చు. తెర మాత్రమే బిగుసుకుంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో పాటు బి అక్షరం నొక్కాలి. తెర ఒకసారి రెప్పవేసి, చిత్రాలు చూపే డ్రైవరు తిరిగి మొదలవుతుంది. క్యాప్స్ లాక్ దీపం సైతం ఉలకకపోతే మాత్రం విషయం లోతైనది. పవరు మీటను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి ఆపడం తప్ప దారి లేదు. భద్రపరచని పని పోతుంది. మా అమ్మాయికి ఒక రాత్రంతా గీసిన డ్రాయింగు అట్లాగే పోయింది.

తరువాత సర్వీసు సెంటరుకు తీసుకువెళ్ళాము. అక్కడ అరగంట సేపు యంత్రం బుద్ధిమంతుడిలా పని చేసింది. "ఇది సాఫ్ట్‌వేరు సమస్యండీ" అని తేల్చి, ఉన్నదంతా తుడిచి, విండోస్ కొత్తగా ఎక్కించి నాలుగు రోజుల తరువాత ఇచ్చారు. ఇంటికి తెచ్చిన రోజునే మళ్ళీ కొయ్యబారింది.

ఆ పైన లోపలి గది నుంచి పిలుపులు ఆగిపోయాయి. బాగుపడిందని అనుకున్నాము. పది రోజుల తరువాత సాయంకాలపు నడకలో పక్క వీధి క్వార్టరులోని సహోద్యోగి కలిసి, "మీ అమ్మాయి ఎంత శ్రద్ధండీ, మా అమ్మాయి కంప్యూటరు మీద రాత్రి పదకొండు దాకా పని చేసి వెళ్తోంది" అని మెచ్చుకున్నారు. ఇంట్లో కొత్త లాప్‌టాప్ ఉండగా అమ్మాయి పరాయి ఇంటికి వెళ్ళి పని చేసుకుంటున్నదన్న సంగతి మాకు అట్లా తెలిసింది. ఇంటికి వచ్చి అడిగాము. "చెబితే మళ్ళీ నేనే ఏదో చేశానంటారని చెప్పలేదు" అన్నది.

ఈ మాట మేము అంతకుముందు ఒకసారి విని ఉన్నాము.

1998లో మేము కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో కుర్ర ఇంజనీరుగా ఉండగా, మాకంటె ఇరవై ఏళ్ళు పెద్దవారైన ఒక ఆపరేటరు రాత్రి రెండు గంటలకు ఫోను చేశారు. బాయిలర్ ఫీడ్ పంపు బేరింగు ఉష్ణోగ్రత ఒక్క క్షణం ఎగిరి మళ్ళీ దిగిందని చెప్పారు. వెళ్ళి చూస్తే అంతా సవ్యంగా ఉన్నది. రెండు రోజుల తరువాత మళ్ళీ ఫోను చేస్తే, "నిద్రమత్తులో చూసి ఉంటారు" అన్నాము. మూడవసారి ఆయన ఫోను చేయలేదు. ఆ వారంలోనే పంపు ట్రిప్పయి, యూనిట్ లోడు తగ్గించవలసి వచ్చింది. కారణం జంక్షన్ బాక్సులో వదులైన ఒక ఆర్‌టీడీ తీగ. వదులైనప్పుడల్లా నిరోధం పెరిగి, లేని వేడిని చూపేది. అది మా విభాగపు పనే. మళ్ళీ ఎందుకు చెప్పలేదని విచారణలో అడిగితే ఆయన శాంతంగా, "చెబితే ఏం లాభం సార్" అన్నారు. ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమయింది. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఏ ఆపరేటరు ఫోను చేసినా కసురుకోలేదని మేము అనుకుంటూ వచ్చాము. ఇంట్లో మాత్రం ఆ నియమం వర్తించదనుకున్నాము కాబోలు.

ఆ రాత్రి రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి తీసుకుని అమ్మాయి పక్కన కూర్చున్నాము. ప్లాంటులో యూనిట్ ట్రిప్పయితే మేము మొదట వెతికేది సీక్వెన్స్ ఆఫ్ ఈవెంట్స్ రికార్డరు కాగితాన్ని. ఏ సంకేతం ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది అన్నది మిల్లీసెకను లెక్కన అందులో ఉంటుంది. విండోసులోనూ ఈవెంట్ వ్యూయర్ అని ఇటువంటి చిట్టా ఒకటి ఉన్నది. తెరిచి చూస్తే ప్రతి ఆగుడు తరువాతా కెర్నల్ పవర్ 41 అన్న పద్దు కనిపించింది. చెప్పాపెట్టకుండా యంత్రం ఆగి తిరిగి మొదలైనదని దాని అర్థం. అది మరణ ధ్రువపత్రమే గాని రోగ నిర్ధారణ కాదు. రిలయబిలిటీ మానిటర్ అని మరొకటి ఉన్నది. అది రోజువారీ ఆరోగ్యాన్ని 1 నుంచి 10 వరకు గల కొలమానంతో గీతగా గీసి, చెడు రోజుల దగ్గర ఎర్ర గుర్తు పెడుతుంది. మామూలు గృహస్థునికి ఇదే అనువైనది. యంత్రం రాయలేని వివరాలను నోటు పుస్తకంలో అమ్మాయి రాయసాగింది. గంట ఎంత, ఏమి తెరిచి ఉన్నది, ఛార్జరు తగిలించి ఉన్నదా, క్యాప్స్ లాక్ దీపం కదిలిందా, అడుగు భాగం వేడిగా ఉన్నదా.

ఎనిమిది రోజులలో పదకొండు పద్దులు పడ్డాయి. అన్నింటిలోనూ క్యాప్స్ లాక్ దీపం చచ్చి ఉన్నది. ఉదయం పూట ఒక్కటీ లేదు. పదకొండూ మధ్యాహ్నమో, రెండు గంటలు వరసగా పని చేసిన తరువాతో. పైగా చిన్న ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు ఎన్నడూ ఆగలేదు, పెద్ద డ్రాయింగులు తెరిచి ఉన్నప్పుడే ఆగింది. కాబట్టి "అన్నీ ఒకేసారి తెరిచి కూర్చుంటే" అన్న మా మొదటి మాట నిజానికి చాలా దగ్గరగానే వెళ్ళింది. తప్పు ఎవరిదన్న దగ్గరే దారి తప్పింది.

జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, మీద అనుమానం కలిగింది. ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టూ అతి చిన్న కెపాసిటరులో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. చిల్లు కుండలో నీరు లాగా ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది గనుక మళ్ళీ మళ్ళీ నింపాలి. డీడీఆర్4 రకంలో మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గదినీ ఒకసారి నింపుతారు. ఎనిమిది జీబీల పలక ఒక్కదానిలో అటువంటి గదులు సుమారు 6,870 కోట్లు. వేడి పెరిగిన కొద్దీ కారడం ఎక్కువవుతుంది. ఒక గది బలహీనంగా ఉన్నదనుకోండి, పొద్దుటి చల్లదనంలో అది 64 మిల్లీసెకన్లు నిలబడుతుంది, మధ్యాహ్నపు వేడిలో నిలబడలేదు. పెద్ద డ్రాయింగు తెరిచినప్పుడు గాని ఆ గది దాకా పని పోదు. ఆ గదిలో ఉన్నది ఒక రంగు చుక్క అయితే ఎవరికీ తెలియదు. యంత్రం తనను తాను నడుపుకొనే ఆదేశం అయితే అక్కడే కొయ్యబారుతుంది.

విండోసులో మెమరీ డయాగ్నస్టిక్ అని పరీక్ష ఉన్నది. సాధారణ పద్ధతిలో నడిపితే ఏ దోషమూ లేదన్నది. ఎఫ్1 మీట నొక్కి ఎక్స్‌టెండెడ్ పద్ధతి ఎంచుకుని, రెండు గంటలు పని చేయించి వేడెక్కిన యంత్రం మీద రాత్రంతా నడిపాము. తెల్లవారి చూస్తే హార్డ్‌వేరు దోషం కనబడినదని తెర మీద ఉన్నది. పెన్ డ్రైవు నుంచి నడిచే మెమ్‌టెస్ట్86తో మరొక రాత్రి చూస్తే, మూడవ ఆవృత్తిలో తప్పు దొరికింది. అదీ ప్రతిసారీ ఒకే చిరునామా వద్ద.

రమ్మన్నప్పుడు రాని దోషాన్ని పట్టడం ఎంత కష్టమో పెద్ద పెద్దవారికీ అనుభవమే. 1997 జూలై 4న అంగారక గ్రహం మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక కొద్ది రోజులకే తనంతట తాను పదే పదే రీసెట్ కాసాగింది. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ పని ఒకటి తాళం చేతిలో పట్టుకుని ఉండగా, మధ్యస్థపు పని దానిని ముందుకు పోనివ్వక, ఆ తాళం కోసం అత్యవసరమైన పని ద్వారం దగ్గర నిలబడిపోయేది. అది చూసి కాపలా టైమరు మొత్తాన్ని రీసెట్ చేసేది. ఇది నేల మీది పరీక్షలలోనూ కనిపించినదేగాని, వెతకబోతే తిరిగి రాలేదు. జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు భూమి మీది నకలు యంత్రంలో చిట్టా రాసే సదుపాయం తెరిచి ఉంచి, దోషం మళ్ళీ వచ్చేదాకా నడిపి పట్టుకున్నారు. సవరణను ఇక్కడి నుంచే పంపారు. వారి ముందు మా సర్వీసు సెంటరు అరగంట ఎంత?

ఈసారి నోటు పుస్తకం, పరీక్ష తెరల ఛాయాచిత్రాలు తీసుకుని అమ్మాయే వెళ్ళింది. మేము వెనుక కుర్చీలో కూర్చున్నాము. అక్కడి కుర్రవాడు మొదట "ఫార్మాట్ చేద్దాం మేడం" అనబోయి, నోటు పుస్తకం రెండు పేజీలు తిప్పాక ఆగి, లోపలికి వెళ్ళి పెద్ద ఇంజనీరును పిలుచుకు వచ్చాడు. రెండు ర్యామ్ పలకలలో ఒకటి మార్చారు. వారంటీ ఉన్నది గనుక ఖర్చు లేదు. ఇరవై నిమిషాల పని.

ఉత్తరాలు రాసిన ముగ్గురికీ ఒక సూచన. సర్వీసు సెంటరులో ఇచ్చే జాబ్ షీటులో "స్లో" అని ఒక్క ముక్క రాసి ఊరుకోనివ్వకండి. ఎప్పుడు, ఎన్నిసార్లు ఆగినదో మీ మాటల్లో రాయించి నకలు దాచుకోండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవలసి వస్తే, జాతీయ సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవలసి వస్తే, ముందుగా అక్కరకు వచ్చేది ఆ కాగితమే. మార్పిడి గడువు ఎన్నాళ్ళో బిల్లు మీద చూసుకుని ఆ లోపల యంత్రాన్ని రోజంతా కష్టపెట్టండి. కొత్త వస్తువు చెడదని మనలో చాలా మందికి నమ్మకం. విశ్వసనీయతా శాస్త్రంలో స్నానపు తొట్టి ఆకారపు వక్రరేఖ ఒకటి ఉన్నది, శిక్షణ రోజుల్లో అందరమూ గీసినదే. వైఫల్యాల రేటు మొదట్లో ఎక్కువగా ఉండి, దిగి, చాలా కాలం మట్టంగా సాగి, ముసలితనంలో మళ్ళీ లేస్తుంది. కొత్త మోటారును మనం ఊరికే లోడు మీద పెట్టము గదా. లాప్‌టాప్ దగ్గర ఎందుకు మరచిపోతామో తెలియదు.

అమ్మాయి థీసిస్ గడువుకు రెండు రోజుల ముందు ముగించింది. పక్క వీధి వారి ఇంటికి మేమే వెళ్ళి కృతజ్ఞతలు చెప్పి వచ్చాము. నోటు పుస్తకంలో పదకొండవ పద్దు కింద అడ్డగీత గీసి, "పలక మార్చారు" అని తేదీ వేసింది. ఆ పై పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఇప్పుడు తను పుణెలో ఉద్యోగం చేస్తున్నది. మొన్న ఆదివారం ఫోను చేసి, "నాన్నగారూ, మళ్ళీ మధ్యలో ఆగిపోయింది" అన్నది. మేము చేతిలోని పత్రిక పక్కన పెట్టి, కలం అందుకుని, "ఎన్ని గంటలకమ్మా?" అని అడిగాము. ఈసారి ఆగినది లాప్‌టాప్ కాదట, అద్దె ఇంటిలోని వాషింగ్ మెషీనట. ఇప్పటికి నాలుగు పద్దులు వచ్చాయి. దాని కథ వచ్చే సంచికలో.