ఆటకు రెండు, అంగడికి మూడు

ఇంగ్లండు ఫుట్‌బాల్ పోటీలను టెలివిజనులో చూచు పిల్లవానికి ఒక సందేహము కలుగుట సహజము. మాంచెస్టర్ యునైటెడ్ వారిది ఎఱ్ఱచొక్కా యని వాడు నేర్చుకొనియుండును. తీరా ఒకనాడు వారే వేఱొక రంగుతో మైదానమున దిగుదురు. సొంతరంగును ఏల విడిచిరని వాడు ఉపాధ్యాయుని అడిగినచో, ఆ ప్రశ్నకు రెండు సమాధానములు గలవు. ఒకటి ఆట చెప్పునది. రెండవది అంగడి చెప్పునది. మొదటిదానిని చూపి రెండవదానిని సాగించుకొనుట నేడు పరిపాటి యైనది. కావున ఈ రెంటిని విడదీసి చూచుట అవసరము.

మొదట ఆట మాట. బంతిని తోటివానికి అందించు ఆటగానికి ముఖము చూచి పోల్చుకొను తీరిక యుండదు. కంటికొనలో మెదలిన రంగే వానికి ఆనవాలు. రెఫరీకిని అదియే ఆధారము. 1888లో ఏర్పడిన ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు, ఏ రెండు జట్లును ఒకే పోలిక రంగులను నమోదు చేసికొనరాదని 1890లో శాసించెను. రంగులు కొన్ని, జట్లు అనేకములు. ఆ నియమము నిలువలేదు. ప్రతి జట్టును వేఱు రంగుగల రెండవ చొక్కాలను సిద్ధముగ నుంచుకొనవలెనను నియమము దాని స్థానమున వచ్చెను. రంగులు కలిసినప్పుడు మార్చుకొనవలసిన భారము తొలుత ఇంటిజట్టుదే. 1921లో అది పొరుగునుండి వచ్చిన జట్టుపై పడినది.

ఈ రెండవ చొక్కా చరిత్రలో గౌరవస్థానమునే పొందినది. 1958 ప్రపంచకప్పు అంతిమపోటీలో స్వీడను వారిదియు పసుపురంగే యగుటచే, బ్రెజిల్ వారు నీలిచొక్కాలు తొడిగి 5-2 గోలులతో గెలిచిరి. 1966లో ఇంగ్లండు వారు పశ్చిమజర్మనీని ఓడించి కప్పు నందుకొన్ననాడు తమ తెల్లచొక్కాలను విడిచి ఎఱ్ఱచొక్కాలు తొడిగియుండిరి. 1978లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా పట్టణమున ఫ్రాన్సు, హంగరీ జట్లు రెండును తెల్లచొక్కాలతోనే వచ్చినవి. ఫ్రాన్సు వారు కింబర్లీ అను స్థానిక క్లబ్బు వద్ద ఆకుపచ్చచారల చొక్కాలు ఎరువు తెచ్చుకొని ఆడి 3-1తో గెలిచిరి. ఎరువుల సొమ్ము బరువుల చేటను సామెత ఆనాడు వారికి వర్తింపలేదు.

ఇక అంగడి మాట. చొక్కా సాదాగా నున్నంతకాలము దానిపై ఎవరికిని గుత్తహక్కు లేదు. ఏ దుకాణమునందైనను దొరకు ఎఱ్ఱచొక్కాను తొడిగి పిల్లవాడు తన జట్టువాడనని తృప్తిపొందగలిగెడివాడు. 1974లో అడ్మిరల్ అను లీసెస్టర్‌షైర్ సంస్థ ఇంగ్లండు జాతీయజట్టు దుస్తుల ఒప్పందమును పొంది, చొక్కాకు ప్రత్యేకమైన చారలను, తన గుర్తును చేర్చి, వాని నకళ్లను పిల్లలకు అమ్మసాగెను. ఆ త్రోవ క్రమముగ రాజమార్గమైనది. నేడు పెద్ద క్లబ్బులు ఏటేట మూడేసి క్రొత్తచొక్కాలను విడుదల చేయుచున్నవి. ఆటకు సాధారణముగ రెండు చాలును. అరుదుగ మూడవది అవసరమైనను, అది ఏటేట మారవలసిన పనిలేదు.

రంగును ఎన్నుకొనుటలో మైదానమును మఱచినచో ఏమగునో 1996 ఏప్రిల్ 13న సౌతాంప్టనులో తెలిసినది. మాంచెస్టర్ యునైటెడ్ వారు బూడిదరంగు చొక్కాలతో ఆడి, సగము ఆటకే 3-0తో వెనుకబడిరి. విరామమున చొక్కాలు మార్చిరి; ఐనను 3-1తో ఓడిరి. ఆటగాండ్రు ఒకరినొకరు గుర్తింపలేకపోయిరని వారి మేనేజరు ఫెర్గూసన్ చెప్పెను. ఓటమికి చొక్కాయే కారణమని నేననను. కాని స్పష్టముగ కనబడుటకై పుట్టిన రెండవ చొక్కా, కనబడలేదన్న నింద మోయుట విచిత్రము గదా!

అభిమానులు చొక్కాలు కొనుటవలననే గొప్ప ఆటగాండ్రను కొనగలుగుదురను మాట యొకటి ప్రచారమున నున్నది. 2009లో రియల్ మాడ్రిడ్ క్లబ్బు రొనాల్డోకై 8 కోట్ల పౌనులు చెల్లించెను. ఒక లెక్క వేసి చూతము. చొక్కా వెల 60 పౌనులనుకొందము. ఇంగ్లండులో పెద్దల దుస్తులపై విధించు 20 శాతపు పన్ను పోగా 50 మిగులును. దుకాణదారు సగము ఉంచుకొన్నచో తయారీదారునకు 25 చేరును. అందు క్లబ్బునకు పదవవంతు ముట్టినచో రెండున్నర పౌనులు. ఈ లెక్కన 8 కోట్లు రావలెనన్న 3 కోట్ల 20 లక్షల చొక్కాలు అమ్ముడుపోవలెను!

క్లబ్బునకు అసలు రాబడి తయారీదారు ముందుగ ఒప్పుకొను మొత్తము. 2014లో అడిడాస్ సంస్థ మాంచెస్టర్ యునైటెడ్‌తో పదేండ్లకు 75 కోట్ల పౌనుల ఒప్పందము చేసికొన్నది. అంతటి సొమ్మును తయారీదారు తిరిగి రాబట్టవలసినది అభిమాని జేబునుండియే. ఏటేట క్రొత్తచొక్కా వచ్చుటలోని మర్మ మిది.

కొనుమని ఎవరును బలవంతపెట్టుట లేదు గదా యని క్లబ్బుల వాదము. పెద్దల విషయమున అది కొంత నిజమే. కాని కోరువాడు బాలుడు, చెల్లించువాడు తండ్రి యైన బేరములో స్వేచ్ఛ యెంత? పైగా ఈ అంగడి అన్నివేళల ధర్మముగ నడచినదియు కాదు. నకలు చొక్కాల ధరలు తగ్గకుండ కూడబలుకుకొన్నందుకు 2003లో బ్రిటను వ్యాపారనియంత్రణ సంస్థ పది సంస్థలకు మొత్తము 1 కోటి 86 లక్షల పౌనుల జరిమానా విధించెను. వానిలో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బును, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘమును ఉండెను. కొన్ని జరిమానాలు అప్పీలులో తగ్గినను తప్పు తప్పుగనే నిలిచినది.

క్లబ్బులు వర్తకము మానవలెనని నా వాదము కాదు. రెండవ చొక్కా రంగును మైదానములోని కంటికొరకు నిర్ణయింపుడు, ఒకమారు చేసిన చొక్కాను రెండుమూడేండ్లయినను ఉంచుడు, ఇంతే కోరదగినది.

మన పట్టణములలోను ఈ చొక్కాలు తొడిగిన బాలురు కనిపించుచున్నారు. నిరుటి చొక్కాతో వచ్చిన బాలుని తోటివారు ఎగతాళి చేసినచో, ఉపాధ్యాయుడు వారిని మందలింపనక్కరలేదు. పైన చెప్పిన రెండున్నర పౌనుల లెక్కను వారిచేతనే నల్లబల్లపై వేయించిన చాలును.