అప్‌డేట్ వచ్చింది, ఎవరు పంపారు?

ఖైతాన్‌లో మనవాళ్ళుండే బిల్డింగుల్లో ఒక వైఫై కనెక్షన్‌ని నాలుగైదు గదులవాళ్ళు పంచుకోవడం మామూలే. ఇంటికి డబ్బు పంపే యాప్, సివిల్ ఐడీ, అన్నీ ఒక చవక ఫోన్‌లోనే. ఎవరైనా జాగ్రత్తలు అడిగితే, "అప్‌డేట్ రాగానే చేసెయ్యి అన్నా" అంటాం. సలహా మంచిదే. కానీ అది అసలు కంపెనీ పంపిందేనా అన్నది ఆయన తేల్చుకోలేడు. తేల్చాల్సింది కోడ్ రాసే మనం.

2015లో బయటపడిన శాంసంగ్ స్విఫ్ట్‌కీ కీబోర్డు సంగతి చూడండి. కొత్త భాషల ప్యాక్‌ల కోసం అది ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ మీద సర్వర్‌ని అడిగేది. వచ్చిన ఫైలుని ఎవరూ మార్చలేదని తెలుసుకోవడానికి హ్యాష్ పోల్చేది, నిజమే. అయితే ఆ హ్యాష్ కూడా అదే దారిన వచ్చేది! ఫైలు మార్చగలిగినవాడికి హ్యాష్ మార్చడం ఒక లెక్కా? పైగా ఆ కీబోర్డుకి సిస్టమ్ అధికారాలు. అదే వైఫైలో ఉన్నవాడు ఫోన్‌లో తన కోడ్ నడిపించగలడని నౌసెక్యూర్ పరిశోధకుడు ర్యాన్ వెల్టన్ చేసి చూపించాడు.

2016లో బయటపడింది ఇంకా ఘోరం. రాజెంటెక్ అనే కంపెనీ అప్‌డేట్ ప్రోగ్రాం, సర్వర్ ఏ ఆజ్ఞ ఇచ్చినా రూట్ అధికారంతో పాటించేది, అదీ ఎన్‌క్రిప్షన్ లేకుండా. అందులో రాసిపెట్టిన మూడు డొమైన్లలో రెండింటిని ఎవరూ రిజిస్టరే చేసుకోలేదు. అనుబిస్ నెట్‌వర్క్స్ వాళ్ళు వాటిని కొని చూస్తే, సుమారు 28 లక్షల ఫోన్లు వచ్చి తలుపు తట్టాయి. బ్లూ, ఇన్ఫినిక్స్, మన దేశంలో లావా వారి జోలో... ఎక్కువగా చవక ఫోన్లే.

వైఫై, డొమైన్ సరే, మొబైల్ కంపెనీనైనా నమ్మవచ్చు కదా అంటారా? గల్ఫ్‌లో పాతకాపులకి 2009 జూలై గుర్తుండే ఉంటుంది. పక్కనున్న యూఏఈలో ఎతిసలాత్ తన బ్లాక్‌బెర్రీ చందాదారులకు, పనితీరు మెరుగవుతుందంటూ ఒక అప్‌డేట్ పంపింది. బ్యాటరీలు చకచకా ఖాళీ అవడంతో జనానికి అనుమానం వచ్చింది. అది తమ అప్‌డేట్ కాదని, ఎస్ఎస్8 తయారుచేసిన నిఘా ప్రోగ్రామని బ్లాక్‌బెర్రీ తయారీదారు ఆర్ఐఎం ప్రకటించింది. కాదు, నెట్‌వర్క్ కోసమేనని ఎతిసలాత్ వాదన.

అందుకే దారిని నమ్మి లాభం లేదంటాను. తయారీదారు పబ్లిక్ కీ ముందే ఫోన్‌లో ఉండాలి. దానితో సంతకం సరిపోలకపోతే ఫైలు తెరవనే కూడదు. ప్లే స్టోర్ యాప్‌ల అప్‌డేట్లకు ఈ తనిఖీ ఆండ్రాయిడే చేసిపెడుతుంది. స్టోర్‌ని తప్పించి మన యాప్ సొంతంగా దింపుకునే ప్లగిన్లకి, స్క్రిప్టులకి మాత్రం మనమే రాసుకోవాలి. డెడ్‌లైన్ ముంచుకొస్తే "తర్వాత చూద్దాం" జాబితాలోకి ముందు వెళ్ళేది ఆ నాలుగు లైన్లే.