పన్ను కడదాం, లెక్క అడుగుదాం

గుడియాత్తంలోనైనా తిరుపత్తూరులోనైనా మనవాళ్లు నలుగురు కలిస్తే ఇంటిపన్ను మీదే గోల. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం పెంచినప్పటి నుంచీ ఇదే పాట. చెన్నై నడిబొడ్డు సంగతి వేరు. మన మునిసిపాలిటీల్లో అప్పుడు పెంచింది 600 చదరపుటడుగుల లోపు ఇంటికి 25 శాతం, 1200 లోపు ఇంటికి 50 శాతం. ఏడాదికి 1000 రూపాయలు కట్టేవాడికి అదనం 500. అంటే నెలకు 42 రూపాయలు. ఇంగ్లీషు బడి వ్యానుకు నెలనెలా ఎంత పోస్తున్నాడో మాత్రం ఆ పెద్దమనిషి నోరెత్తడు.

"మా పిల్లలు సర్కారు బడికి పోరు, మేమెందుకు కట్టాలి?" అంటారు. ఇంటిపన్నులో విద్యా పన్ను కూడా ఒక భాగమే. 1954 ఉప ఎన్నికలో గుడియాత్తం గెలిపించిన కామరాజ్ ఊరూరా బడులు తెరిచి మధ్యాహ్నం అన్నం పెట్టించారు. ఆ అన్నం తిని చదివినవాళ్లు మనలో లేరా? మన మేడలకు పునాది ఆ బడి కాదా?

నా పేచీ వేరు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసింది. సరే, తమిళం మనకు కూడుపెట్టే భాష, నేర్చుకుందాం. తెలుగు నేర్పవద్దని ఆ చట్టంలో లేదే! మరి వసూలైన విద్యా పన్నెంత? అందులో తెలుగు పిల్లలున్న బడికి చేరిందెంత?

అడగాల్సింది అది. ఖాతా లేనివాడు పాస్‌బుక్ అడిగితే ఏ బ్యాంకులోనూ ఇవ్వరు. ముందు కడదాం. రసీదు చేతబట్టుకుని మునిసిపాలిటీ మెట్లెక్కుదాం. దానికన్నా ముందు, మన పిల్లవాడిని ఆ తెలుగు తరగతిలో కూర్చోబెడదాం.