సౌండ్ కార్డు మహిమలు

మహిమలు అనగానే మనకి విభూతి రాల్చే బాబాలు గుర్తుకొస్తారు. కంప్యూటర్ దుకాణాల్లో కూడా మహిమలు అమ్ముతారు. వాటికి పసుపూ కుంకుమా ఉండవు కనుక మనం పట్టించుకోం.

మాది ఖరగ్‌పూర్. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరారు. చక్రం మీద సుత్తితో కొట్టి, మోగిన తీరుని బట్టి పగులు ఉందో లేదో చెప్పే పద్ధతి ఆ కాలం రైల్వేలో ఉండేది. అందుకని చెవి మీద మా ఇంట్లో గౌరవం ఎక్కువ.

మా మేనల్లుడికి కౌంటర్ స్ట్రైక్ పిచ్చి. ఒకరోజు వచ్చి, "మావయ్యా, బయట పెట్టే యు.ఎస్.బి. సౌండ్ కార్డు కొంటే శత్రువు ఏ పక్క నుంచి వస్తున్నాడో అడుగుల చప్పుడుతోనే తెలిసిపోతుందట" అన్నాడు. ఖరీదు ఆరు వేలు. అది మా అక్క బట్టలు కుట్టి దాచుకున్న డబ్బు. "అంతా భ్రమరా" అని నవ్వేశాను. వాడు వెంటనే, "నువ్వు విన్నావా? వినకుండా ఎలా చెప్తావు?" అన్నాడు.

నాకు చురుక్కుమంది. భక్తులతో నేను రోజూ అనే మాట అదే. పరీక్షించకుండా నమ్మడం మూఢనమ్మకమైతే, పరీక్షించకుండా కొట్టిపారేయడం ఏమవుతుంది?

వాడి స్నేహితుడి దగ్గర ఆ పెట్టె అరువు తెచ్చాం. శబ్దం కాస్త పెద్దదైతే చాలు, మనకి అదే మేలైనదిగా వినిపిస్తుంది. అందుకని 50 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ, మిల్లీవోల్టులు చూపే మల్టీమీటరుతో రెండు వైపులా స్థాయి సమానం చేశాం. మధ్యలో దుప్పటి కట్టాం. నేను అవతల కూర్చుని నాణెం ఎగరేసి, బొమ్మ పడితే కంప్యూటర్ ముందు భాగంలోని జాక్, బొరుసు పడితే కొత్త పెట్టె తగిలించాను. నోరు మెదపలేదు. వాడు 12 సార్లూ సరిగ్గా చెప్పాడు! ఊరికే ఊహిస్తే అలా జరిగే అవకాశం 4096లో ఒకటి. ఓడిపోయింది నేనే.

కానీ వాడు దేన్ని పట్టుకున్నాడు? అడిగితే, "పాతదాంట్లో సన్నగా గీ మని మోత వస్తోంది, తెర మీద బొమ్మ కదిలితే అదీ మారుతోంది" అన్నాడు. ముందు జాక్‌కి వెళ్ళే తీగ పెట్టె లోపల గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచే పోతోంది. అక్కడి విద్యుత్ అలజడి తీగలోకి చేరుతోంది. రోగం నిజమే. మందు ఆరు వేలదేనా?

హెడ్‌ఫోను తీసి కంప్యూటర్ వెనకాల, మదర్‌బోర్డు మీదే ఉన్న జాక్‌లో పెట్టాం. మోత పోయింది. మళ్ళీ స్థాయి సరిచూసి, దుప్పటి కట్టి, దాన్నీ ఆ పెట్టెనీ పోల్చాం. ఈసారి 12కి 7. ఊహించినా 100లో సుమారు 39 సార్లు అన్ని గానీ అంతకు మించి గానీ సరిపోతాయి.

మరి దిక్కు తెలియడం మాటేమిటి? ఒకప్పుడు సౌండ్ కార్డులోని చిప్పే ఆటల శబ్దాలని కలిపి, ప్రతిధ్వనులు జోడించేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా డైరెక్ట్‌సౌండ్‌కి ఆ దారి మూసేసింది. ఇప్పుడు ఆ లెక్కలన్నీ చాలావరకు ఆటే, ప్రాసెసర్ మీద చేసుకుంటుంది. కార్డుకి మిగిలిన పని అంకెల్ని విద్యుత్తుగా మార్చి హెడ్‌ఫోనుకి అందించడం. అట్ట మీద రాసే 7.1 కూడా చివరికి రెండు చెవుల్లోకే వస్తుంది. అది సాఫ్ట్‌వేర్ లెక్క. ఆటలోనూ, కార్డులోనూ ఆ సదుపాయం ఒకేసారి పెడితే దిక్కు తెలియకపోగా అంతా కలగాపులగం అవుతుంది.

24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అనే అంకెలు కూడా అంతే. మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో జరిపిన పరీక్షలు 2007లో అచ్చయ్యాయి. మేలు రకం ధ్వనినీ, దాన్నే సీడీ స్థాయికి దించినదాన్నీ చాటుగా మార్చి వినిపిస్తే 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. అంటే సగం.

నేను ఈ పెట్టెలన్నీ మోసం అనడం లేదు. ల్యాప్‌టాప్ జాక్ పాడైనా, అందులో మోత వస్తున్నా, హెడ్‌ఫోనుకి చాలినంత బలం అందకపోయినా బయటి కార్డు అక్కరకొస్తుంది. మొదటి రెండింటికీ చాలాసార్లు చిన్న అడాప్టరు చాలు. ఒక కుర్రాడి మీద 12 సార్లు చేసిన పరీక్ష లోకానికంతటికీ తీర్పు కాదు. మా అక్క డబ్బుకి మాత్రం అది సరిపోయే తీర్పు.

వాడికి మోత వినిపించింది, నేను వినకుండానే భ్రమ అన్నాను. వాడు మందు ఖరీదులో పొరపడ్డాడు, నేను రోగమే లేదన్నాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి. ఈసారి ఎవరైనా "తేడా తెలుస్తోంది" అంటే నవ్వకండి. ఒక దుప్పటీ, ఒక నాణెమూ తెచ్చుకోండి.